పడక దగ్గరే తొలి పరిచయమా?

విశాఖపట్నం రైల్వే క్వార్టర్స్‌లో పెరిగినవాళ్లకు గార్డెన్‌రీచ్ కొత్త పేరు కాదు. 2003లో తూర్పు కోస్తా రైల్వే వేరుపడేదాకా వాల్తేరు డివిజన్ ఆగ్నేయ రైల్వేలో భాగం. ఆ రైల్వే ప్రధాన కార్యాలయం కోల్‌కతా నైరుతి మూలన, హుగ్లీ ఒడ్డున ఉన్న గార్డెన్‌రీచ్‌లోనే. దాని పక్క పేట మెటియాబ్రుజ్. 1856లో ఈస్టిండియా కంపెనీ అవధ్ రాజ్యాన్ని లాక్కున్నాక నవాబు వాజిద్ అలీ షా అక్కడికే వచ్చి స్థిరపడ్డాడు. 1887లో చనిపోయేదాకా అదే ఆయన లోకం. ఆయన వెంట వంటవాళ్లు, పాటగాళ్లు, దర్జీలు వచ్చారు. కొలువు పోయింది గానీ కత్తెర మిగిలింది. నేడు మెటియాబ్రుజ్ అంటే రెడీమేడ్ దుస్తుల పేట. సన్నటి గల్లీలు, గదికి మూడు నాలుగు కుట్టుమిషన్లు, పని ముగిశాక ఆ మిషన్ల మధ్యే పడకలు.

వైద్యవిద్య గురించి రాస్తూ దర్జీల పేటను ఎత్తుకోవడానికి కారణం ఉంది. అక్కడి ఒక నడివయసు దర్జీని ఊహించుకుందాం. దగ్గు తగ్గక ప్రభుత్వాసుపత్రికి వెళ్తే క్షయ అన్నారు. షుగర్ అంతకుముందే ఉంది, మాత్రలు మింగుతున్నాడు. క్షయ మందుల్లో ఒకటైన రిఫాంపిసిన్ కాలేయంలోని ఎంజైములను రెచ్చగొడుతుంది. దాంతో కొన్ని రకాల షుగర్ మాత్రలు ఒంట్లో త్వరగా ఖర్చయిపోయి చక్కెర పెరుగుతుంది. ఈ సంగతి డాక్టరు ఫార్మకాలజీలో చదివాడు కాబట్టి ఇన్సులిన్ రాస్తాడు. అది ఎలా పొడుచుకోవాలో నేర్పేది నర్సు. రోజూ ఒకేచోట పొడుచుకుంటే చర్మం కింద కొవ్వు గడ్డకట్టి మందు సరిగా ఒంటికి పట్టదు. చొక్కా పైకెత్తించి ఆ గడ్డను తడిమి చూసేదీ ఆమే. ఇంట్లో ఫ్రిజ్ లేదనీ, రంజాన్ నెలలో అతను ఉపవాసం ఉంటాడనీ, అదే గదిలో ఇంకా అయిదారుగురు పడుకుంటారనీ తెలిసేది గల్లీల్లో తిరిగే ఆరోగ్య కార్యకర్తకు. ఉపవాసం సంగతి డాక్టరు చెవిన పడకపోతే పాత మోతాదే కొనసాగుతుంది. మిట్టమధ్యాహ్నం మిషను మీదే ఆ మనిషి కళ్లు తిరిగి పడిపోవచ్చు.

ఒకే రోగి గురించిన సమాచారం ఇలా ముగ్గురి దగ్గర మూడు ముక్కలుగా ఉంది. ఆ ముక్కలు కలవాలంటే ఆ ముగ్గురికీ మాట్లాడుకోవడం తెలియాలి. మన చదువులు నేర్పనిది సరిగ్గా అదే.

వైద్య, నర్సింగ్ విద్యార్థులు కలిసి చదవాలన్న మాట కొత్తదేమీ కాదు. బ్రిటన్‌లో ఈ పని కోసమే 1987లో ఒక సంస్థ పుట్టింది. స్వీడన్‌లోని లింకోపింగ్ విశ్వవిద్యాలయం అంతకు ఏడాది ముందే ఆరోగ్య విద్యార్థులందరినీ మొదట్లోనే ఒకచోట కూర్చోబెట్టడం ప్రారంభించింది. 1996లో ఏకంగా ఒక వార్డునే విద్యార్థి బృందాలకు అప్పగించింది. సీనియర్ల పర్యవేక్షణలో వైద్య, నర్సింగ్, ఫిజియోథెరపీ విద్యార్థులు కలిసి రోగులను చూసుకుంటారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2010లో వెలువరించిన కార్యాచరణ పత్రం దీనికి మూడు షరతులు పెట్టింది. రెండు లేదా అంతకు మించిన వృత్తుల విద్యార్థులు ఒకరి గురించి ఒకరు, ఒకరి నుంచి ఒకరు, ఒకరితో ఒకరు నేర్చుకోవాలి. రెండు వందల మందిని ఒక హాల్లో కూర్చోబెట్టి చేతులు కడుక్కోవడం గురించి ఉపన్యాసం ఇప్పిస్తే ఈ షరతులు తీరవు. అలాంటి సభలు మన దగ్గర చాలానే జరుగుతాయి. ఫొటోలు కూడా బాగానే వస్తాయి.

మన ఆసుపత్రుల్లో ఈ చదువు దొంగచాటుగా ఎప్పటినుంచో సాగుతోంది. కొత్తగా డ్యూటీలో చేరిన హౌస్ సర్జన్‌కు చెయ్యి వణకకుండా కాన్యులా పెట్టడం నేర్పేది చాలాసార్లు ప్రొఫెసర్ కాదు, ఇరవై ఏళ్ల అనుభవమున్న స్టాఫ్ నర్సు. ‘అక్కడ కాదు డాక్టర్ గారూ, కొంచెం పైన చూడండి’ అని ఆమె మెల్లగా అంటుంది. ఆ ‘డాక్టర్ గారూ’ వయసు ఇరవై మూడు. ఆమె కొడుకు ఈడు. అతను మాత్రం ఆమెను ‘సిస్టర్’ అని ఏకవచనంలో పిలుస్తాడు. ఆమె నేర్పిన పాఠం ఏ లాగ్‌బుక్‌లోనూ నమోదు కాదు. ఏడాది తిరిగేసరికి అతనూ మరిచిపోతాడు. నాణేనికి రెండో వైపూ ఉంది. కొత్త హౌస్ సర్జన్‌ను రాత్రంతా పరుగులు పెట్టించి వినోదం చూసే సీనియర్ నర్సులూ ఉన్నారు. తమ మాటకు విలువ దక్కని చోట మనుషులు తమ అధికారాన్ని చూపించుకునే దారులు అలాగే ఉంటాయి.

1967లో లియోనార్డ్ స్టైన్ అనే అమెరికన్ మానసిక వైద్యుడు దీన్ని ‘డాక్టర్–నర్సు ఆట’ అన్నాడు. నర్సుకు చికిత్స గురించి ఒక అభిప్రాయం ఉంటుంది. దాన్ని సలహాలా చెప్పకూడదు, డాక్టరుకే తట్టినట్టు అనిపించాలి. డాక్టరు కూడా సలహా తీసుకుంటున్నట్టు కనపడకుండా తీసుకోవాలి. ‘పేషెంటుకు రాత్రంతా నిద్ర లేదండీ, పోయినసారి ఫలానా మాత్ర ఇచ్చినప్పుడు బాగా పడుకున్నాడు’ అన్న వాక్యం మన వార్డుల్లో వినని వాళ్లెవరు? ఆట సాఫీగా సాగినన్నాళ్లూ ఎవరికీ ఇబ్బంది లేదు. సాగనప్పుడు ఏమవుతుందో అంతకు ఏడాది ముందే చార్లెస్ హోఫ్లింగ్ బృందం చూపించింది. ముక్కూ మొహం తెలియని ఒక ‘డాక్టరు’ ఫోన్ చేసి, సీసా మీద రాసిన గరిష్ఠ మోతాదుకు రెట్టింపు మందు రోగికి ఇమ్మన్నాడు. 22 మంది నర్సుల్లో 21 మంది ఇవ్వడానికి సిద్ధపడ్డారు. చివరి క్షణంలో పరిశోధకులు ఆపారు. ఆ నర్సులు తెలివితక్కువవాళ్లు కారు. ప్రశ్నించడం తమ పని కాదని నేర్పిన చదువు చదివినవాళ్లు.

ఆ ప్రయోగం జరిగి అరవై ఏళ్లు కావస్తోంది. మన దగ్గర చేతిరాత కేస్ షీట్లు ఇంకా పోలేదు. ఇన్సులిన్ మోతాదు పదికి పక్కన యూనిట్ల గుర్తుగా ఇంగ్లిష్ ‘యు’ అక్షరం తగిలిస్తే, తొందర రాతలో అది సున్నా అయి పది కాస్తా వంద అవుతుంది. ఆ అక్షరం వాడొద్దని రోగి భద్రతా సంస్థలు ఏళ్లుగా మొత్తుకుంటున్నాయి. వంద అని చదివిన నర్సు ‘ఇది నిజమేనా?’ అని అర్ధరాత్రి ఫోన్ చేసి అడగగలగాలి. అడిగినందుకు ఆమె మీద విరుచుకుపడకూడదని అవతలివాడికి తెలియాలి. ఈ రెండు అలవాట్లూ పుస్తకం చదివితే రావు. చదువుకునే వయసులో, తప్పు చేసినా ఎవరూ చావని చోట, కలిసి సాధన చేస్తే వస్తాయి.

కోల్‌కతా ఈ విషయంలో ఒకప్పుడు దారి చూపిన నగరం. 1932లో అక్కడ అఖిల భారత పరిశుభ్రత, ప్రజారోగ్య సంస్థ ఏర్పడింది. ఒకే కప్పు కింద డాక్టర్లకూ, ప్రజారోగ్య నర్సులకూ శిక్షణ ఇచ్చింది. హుగ్లీ జిల్లా సింగూరులోనూ, మెటియాబ్రుజ్‌కు అట్టే దూరం లేని చేట్లాలోనూ దానికి క్షేత్ర శిక్షణ కేంద్రాలు వెలిశాయి. పేట ప్రజల మధ్యే పాఠం చెప్పాలన్నది దాని ఉద్దేశం. 1946లో భోర్ కమిటీ లెక్క తీస్తే దేశంలో 6,300 మందికి ఒక డాక్టరు, 43,000 మందికి ఒక నర్సు తేలారు. కొరత నర్సుల వైపే ఎక్కువ. అయినా స్వాతంత్ర్యం తర్వాత మన దృష్టంతా డాక్టర్ల మీదే నిలిచింది. నర్సు అంటే డాక్టరుకు సాయం చేసే మనిషన్న భావన చెక్కుచెదరలేదు. మలమూత్రాలు ఎత్తే పనిని కులంతో, రాత్రి డ్యూటీని ఆడవాళ్ల శీలంతో కొలిచే సమాజం ఆ భావనకు దన్నుగా నిలిచింది. వైద్య కళాశాల, నర్సింగ్ కళాశాల మధ్య గోడ కట్టినవాళ్లలో మేస్త్రీలు మాత్రమే లేరు.

చట్టాలు కూడా ఆ గోడకు పూత పూశాయి. డాక్టర్ల చదువు 2019 చట్టంతో వచ్చిన జాతీయ వైద్య కమిషన్ చేతిలో ఉంది. నర్సింగ్ చదువు కోసం 1947 నాటి చట్టం స్థానంలో 2023లో మరో కమిషన్ చట్టం వచ్చింది. ఫిజియోథెరపీ, ల్యాబ్, రేడియాలజీ వగైరా వృత్తులకు 2021 చట్టం. ముగ్గురు పిల్లలకు మూడు ఇళ్లు కట్టించి అన్నదమ్ముల్లా కలిసి ఉండండని దీవించినట్టుంది. 2019 నుంచి అమలవుతున్న ఎంబీబీఎస్ పాఠ్యప్రణాళిక డాక్టరును ‘ఆరోగ్య బృందానికి నాయకుడు, సభ్యుడు’ అంటోంది. నాయకత్వం ఎవరి మీదో, సభ్యత్వం ఎవరితోనో ఆ మిగతా జట్టును మాత్రం విద్యార్థి ఇంటర్న్‌షిప్ దాకా కలుసుకోడు. నైతికత, సంభాషణ మీద ప్రత్యేక తరగతులు పెట్టారు, మంచిదే. రోగితో ఎలా మాట్లాడాలో అక్కడ నేర్పుతారు. నర్సుతో ఎలా మాట్లాడాలో నేర్పడానికి ఆ గదిలో నర్సింగ్ విద్యార్థి ఉండదు.

అవకాశం మాత్రం ఇప్పుడు గుమ్మంలోకే వచ్చింది. 2014 తర్వాత ఏర్పాటైన 157 వైద్య కళాశాలల ప్రాంగణాల్లోనే 157 నర్సింగ్ కళాశాలలు పెడతామని 2023–24 బడ్జెట్‌లో కేంద్రం ప్రకటించింది. ఆ ఏప్రిల్‌లో కేంద్ర మంత్రివర్గం 1,570 కోట్ల రూపాయలు మంజూరు చేసింది. ఏటా దాదాపు 15,700 మంది నర్సింగ్ పట్టభద్రులు వస్తారన్నది అంచనా. ఒకే ప్రాంగణం, ఒకే ఆసుపత్రి, ఒకే రోగులు. అయినా ఇద్దరు ప్రిన్సిపాళ్లు, రెండు టైంటేబుళ్లు, రెండు హాజరు పట్టీలు. బీఎస్సీ నర్సింగ్ 2021 నుంచి సెమిస్టర్ల పద్ధతికి మారింది. ఎంబీబీఎస్ ఏడాది దాటిన దశలుగా నడుస్తోంది. ఒకరికి పరీక్షలైతే మరొకరికి పోస్టింగులు. పథకం భవనాల గురించి ఆలోచించింది గానీ గంటల పట్టిక గురించి ఆలోచించలేదు. పక్క పక్క భవనాల్లో చదివినంత మాత్రాన పరిచయం కలుగుతుందా? హాస్టళ్లలో ఉన్న ఎవరినైనా అడగండి.

కలిసి చదివితే రోగులు బతుకుతారని రుజువుందా అని అడిగేవాళ్లుంటారు. అడగాలి కూడా. 2013లో కోక్రేన్ సమీక్ష ఈ అంశంపై జల్లెడ పట్టి 15 అధ్యయనాలను మాత్రమే పరిగణనలోకి తీసుకుంది. వాటిలో ఏడింటిలో మంచి ఫలితాలు, నాలుగింటిలో మిశ్రమ ఫలితాలు కనిపించాయి. మిగతా నాలుగింటిలో ఏ మార్పూ లేదు. గట్టిగా తీర్పు చెప్పేంత సాక్ష్యం లేదని సమీక్షకులే ఒప్పుకున్నారు. ఈ చదువును సర్వరోగ నివారిణిగా అమ్మేవాళ్లు ఈ అంకెలను దాచిపెడుతుంటారు. కానీ జట్టుగా మాట్లాడుకుంటే ఏమవుతుందో చెప్పే లెక్క మరొకటుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ శస్త్రచికిత్స చెక్‌లిస్టును ఎనిమిది నగరాల్లో పరీక్షించారు. వాటిలో న్యూఢిల్లీ ఒకటి. 2009లో ప్రచురితమైన ఫలితాల ప్రకారం మరణాలు 1.5 శాతం నుంచి 0.8 శాతానికి, ప్రధాన సమస్యలు 11 శాతం నుంచి 7 శాతానికి తగ్గాయి. ఆ చెక్‌లిస్టులో కొత్త మందు లేదు, కొత్త యంత్రం లేదు. కోత పెట్టేముందు గదిలో ఉన్న ప్రతి ఒక్కరూ తమ పేరు, తమ పని పైకి చెప్పాలన్నది అందులో ఒక అంశం. ఒకే టేబుల్ చుట్టూ ఏళ్లుగా పనిచేస్తున్నవాళ్లకు పేరు చెప్పుకోవడం నేర్పాల్సి వచ్చింది.

మన రాష్ట్రాల్లో ఈ అవసరం ఎంత దగ్గరగా ఉందో చూద్దాం. ఆంధ్రప్రదేశ్‌లో ఒక్కో గ్రామ క్లినిక్‌లో ఉంటున్నది బీఎస్సీ నర్సింగ్ చదివిన మిడ్ లెవెల్ హెల్త్ ప్రొవైడర్ (ఎంఎల్‌హెచ్‌పీ). 2023 ఏప్రిల్ 6న పల్నాడు జిల్లా లింగంగుంట్లలో మొదలైన ఫ్యామిలీ డాక్టర్ విధానంలో ప్రాథమిక ఆరోగ్య కేంద్రం డాక్టరు నెలలో ఒకటి రెండుసార్లు ఆ ఊరికి వెళ్తాడు. మిగతా రోజులన్నీ బీపీ, షుగర్, గర్భిణుల బాధ్యత ఆమెదే. పథకాల పేర్లు ప్రభుత్వంతో పాటు మారుతుంటాయి. ఆ ఊళ్లో ఆ ఇద్దరి మధ్య సంబంధం మాత్రం మారదు. డాక్టరు లేని రోజు గర్భిణికి బీపీ 150 దాటి తలనొప్పి అంటే ఆమె ఫోన్ చేస్తుంది. ఆ ఫోన్‌లో ఏం చెప్పాలి, ఏ క్రమంలో చెప్పాలి? పరిస్థితి ఏమిటి, నేపథ్యం ఏమిటి, తన అంచనా ఏమిటి, తాను కోరేదేమిటి? అమెరికా నౌకాదళం నుంచి ఆసుపత్రుల్లోకి వచ్చిన ఈ నాలుగు మెట్ల పద్ధతి నర్సింగ్ విద్యార్థులకు కొంత తెలుసు. కానీ ఫోన్ ఎత్తే మనిషి దాన్ని ఎప్పుడూ వినకపోతే మూడో మెట్టు దగ్గరే ‘అంచనాలు నాకొదిలెయ్, బీపీ ఎంతో చెప్పు’ అంటాడు. శిక్షణ ఒక చెవికే ఇస్తే సరిపోదు.

తెలుగువాళ్లకు ఈ విషయంలో ఒక వెసులుబాటు ఉంది. దేశంలో తొలి ఆరోగ్య విశ్వవిద్యాలయం 1986లో విజయవాడలోనే పుట్టింది. మెడికల్, డెంటల్, నర్సింగ్, ఫిజియోథెరపీ అన్నీ నేటికీ డాక్టర్ ఎన్టీఆర్ విశ్వవిద్యాలయం కిందే ఉన్నాయి. తెలంగాణలో వరంగల్‌లోని కాళోజీ నారాయణరావు విశ్వవిద్యాలయానిదీ అదే పరిధి. కమిషన్లు ఎన్నున్నా పరీక్ష పెట్టేది, డిగ్రీ ఇచ్చేది ఒకే ఇల్లు. నలభై ఏళ్లుగా విజయవాడలోని ఆ ఇల్లు ప్రశ్నపత్రాలు పంచే పనికే ఎక్కువగా ఉపయోగపడింది. ఈ విశ్వవిద్యాలయాలు తలచుకుంటే కొత్త చట్టం అక్కర్లేకుండానే మూడు పనులు చేయొచ్చు.

ఎంబీబీఎస్ విద్యార్థులు మొదటి ఏడాది నుంచే కొన్ని కుటుంబాలను దత్తత తీసుకుని వాళ్ల ఆరోగ్యాన్ని గమనించాలని జాతీయ వైద్య కమిషన్ పెట్టిన కార్యక్రమం ఉంది. నర్సింగ్ విద్యార్థులకు కమ్యూనిటీ హెల్త్ పోస్టింగులు ఎప్పటినుంచో ఉన్నాయి. ఇద్దరూ ఊళ్లకు వెళ్తూనే ఉన్నారు, వేర్వేరు బస్సుల్లో, వేర్వేరు రోజుల్లో. మొదటి పని, ఒకే కుటుంబానికి ఇద్దరినీ జోడీగా పంపడం. ఆ కార్యక్రమం ప్రధానంగా పల్లెలను ఉద్దేశించింది. మెటియాబ్రుజ్ లాంటి పేటలు, మన విజయవాడ కొండ ప్రాంతాలు, హైదరాబాద్ పాతబస్తీ గల్లీలు కూడా అందులోకి రావాలి. ఒక ఇంట్లో వాళ్ల తిండి, నీళ్లు, మందుల డబ్బా, కుట్టుమిషను చూసి బయటికొచ్చాక ఇద్దరూ కలిసి ఒకే నివేదిక రాయాలి. ఆ రాతలోనే ఎవరికి ఏం కనిపించిందో, ఎవరికి ఏం కనిపించలేదో తేలిపోతుంది. మెడికో రక్తపోటు అంకె రాసిన చోట నర్సింగ్ విద్యార్థిని ముసలమ్మ మాత్రను సగం విరిచి వేసుకుంటున్న సంగతి రాసి ఉంటుంది.

రెండోది వార్డులో డ్యూటీ అప్పజెప్పే వేళ. ఉదయం ఎనిమిదింటికి నర్సులు ఒక మూల, హౌస్ సర్జన్లు మరో మూల విడివిడిగా రోగులను అప్పజెప్పుకుంటారు. చివరి ఏడాది విద్యార్థులిద్దరినీ వారానికి ఒక్కరోజైనా ఒకే పడక దగ్గర నిలబెట్టి కలిపి అప్పజెప్పించాలి. దీనికి పైసా ఖర్చు లేదు.

మూడోది అసలైంది, మార్కులు. మన దగ్గర పరీక్షలో రాని పాఠం పాఠమే కాదు. అధ్యాపకులైనా, విద్యార్థులైనా మార్కులు లేని గంటను సెలవుగానే భావిస్తారు. ప్రాక్టికల్ పరీక్షలో ఒక కేసైనా జట్టు కేసు కావాలి. ఇద్దరు పరీక్షకుల్లో ఒకరు నర్సింగ్ ప్రొఫెసర్ అయి, ఆమె వేసిన మార్కు మెడికో పాస్ జాబితాలో లెక్కకు రావాలి. ఈ మాట వినగానే వైద్య కళాశాలల్లో ఎంత రభస జరుగుతుందో ఊహించగలను. ఆ రభసే ఈ వ్యాసానికి సాక్ష్యం.

ప్రైవేటు నర్సింగ్ కళాశాలల సంగతి వేరే. సొంత ఆసుపత్రి పేరుకే ఉండి, విద్యార్థినులను బస్సుల్లో ఎక్కడెక్కడికో తిప్పే చోట కలిసి చదవడం మాట దేవుడెరుగు, చదవడమే కష్టం. అక్కడ ముందు జరగాల్సింది కఠినమైన తనిఖీ.

2024 ఆగస్టులో కోల్‌కతా ఆర్‌జీ కర్ ఆసుపత్రిలో జూనియర్ డాక్టర్‌పై జరిగిన ఘోరం తర్వాత దేశమంతా వైద్యుల భద్రత గురించి మాట్లాడింది. సుప్రీంకోర్టు జాతీయ కార్యదళాన్ని నియమించింది. ఆ ఉద్యమంలో నర్సులూ రోడ్డెక్కారు. రాత్రి డ్యూటీ గదిలో గొళ్లెం లేని తలుపు డాక్టరుకూ, నర్సుకూ ఒక్కటే. ఆపదలో ఒక్కటైన ఆ రెండు వృత్తులూ మామూలు రోజుల్లో వేరువేరు రిజిస్టర్లలోకి తిరిగి వెళ్లిపోయాయి.

కొత్త ప్రాంగణాల్లో గోడలు ఇంకా పూర్తిగా లేవలేదు, టైంటేబుళ్లు ఇంకా గట్టిపడలేదు. రెండు తెలుగు రాష్ట్రాల ఆరోగ్య విశ్వవిద్యాలయాలు వచ్చే విద్యాసంవత్సరానికి ముందే తమ వైద్య, నర్సింగ్ బోర్డులను ఒకే సమావేశానికి పిలవాలి. కనీసం ఒక్కో జిల్లా కళాశాలలోనైనా కుటుంబ సందర్శనను, డ్యూటీ అప్పగింతను, ఒక జట్టు కేసు పరీక్షను ఉమ్మడిగా మొదలుపెట్టి, ఏడాది తర్వాత ఫలితాలను దాపరికం లేకుండా ప్రకటించాలి.